మూడు రాత్రులు

చేతులు కట్టింది తండ్రే. భుజం మీది ఎర్రగళ్ల తువ్వాలు తీసి, మణికట్లు ఒరుసుకోకుండా మధ్యలో పాత చొక్కా మడత పెట్టి కట్టాడు. "నొప్పైతే చెప్పు నాయనా" అన్నాడట కడుతూ. పిల్లవాడు నవ్వాడట.

ఆ పిల్లవాడికి అప్పుడు 15 ఏళ్లు. పదో తరగతి. ఇది జరిగి మూడేళ్లు కావస్తోంది. నేను ఆ ఇంటికి పోయింది పంట బీమా డబ్బులు రాని సంగతి రాద్దామని. మాటల మధ్యలో తల్లి లేచి, దేవుడి గూట్లో నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. "బీమా కాయితాలు గాదులేన్నా ఇవి. అవి మల్ల చూద్దురు. ముందు ఇవి సదవండి" అంది.

ఊరి పేరు రాయను. రాయలసీమలో ఒక పల్లె అనుకోండి. పేరు రాస్తే రేపు వాడికే కాదు, వాడి చెల్లెలికి కూడా సంబంధం రాదు. ఈ కష్టం మీద ఇన్నేళ్లుగా ఎవరూ గట్టిగా అరవకపోవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. తాగునీళ్లు రాకపోతే రోడ్డు మీద బిందెలు పెట్టి కూర్చుంటాం. కొడుక్కి మతి చెదిరితే ఆసుపత్రిలో మంచం ఇవ్వలేదని ఏ తల్లి రోడ్డు మీద కూర్చుంటుంది?

కవరులో చీటీలు తేదీల వరసన ఉన్నాయి. మొదటి మూడు చీటీల్లోనూ చివరి వాక్యం ఒకటే: పై ఆసుపత్రికి తీసుకువెళ్లవలసినదిగా సలహా ఇవ్వడమైనది.

శనివారం పొద్దున హాస్టలు నుంచి ఫోను వచ్చింది. మీవాడు నాలుగు రాత్రులుగా పండుకోవడం లేదు, పక్క పిల్లల్ని పండుకోనివ్వడం లేదు, వచ్చి తీసుకుపొండి అని. వార్డెను చెప్పింది తప్పేమీ కాదు. ఎక్కడికి తీసుకుపోవాలో మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పడానికి ఆయనకూ తెలియదు.

ఇల్లు చేరాక పిల్లవాడు సాయంత్రందాకా ఆపకుండా మాట్లాడాడు. లెక్కల్లో తానొక కొత్త సూత్రం కనిపెట్టాడు, దాన్ని ఎవరో ఫ్యాను రెక్కల్లో దాక్కొని వింటున్నారు. గొంతు బొంగురుపోయింది, అయినా ఆపలేదు. అన్నం పళ్లెం విసిరాడు. చెల్లెల్ని గదిలో పెట్టి గొళ్లెం వేశాడు. "దాన్ని యవరో ఎత్తకపోతారంట, అందుకని. వాని తిక్కలో గూడా చెల్లెలే గుర్తుండె" అంది తల్లి. చదువుకున్నవాళ్లు దీన్ని మేనియా అంటారు. ఊరు మాత్రం రెండుగా చీలి, సగం మంది గాలి సోకిందన్నారు, సగం మంది చదువెక్కువై తిక్క పట్టిందన్నారు.

చీకటి పడ్డాక పక్కూరి నుంచి తాయెత్తు కట్టేవాణ్ణి పిలిపించారు. ఇలాంటి చోట మూఢనమ్మకాల మీద నాలుగు మాటలు రాయడం మా పత్రికలవాళ్లకు అలవాటు. నాకు మాత్రం ఆ రాత్రి ఇంకోటి కనిపిస్తోంది. ఆయన పిలిస్తే రాత్రి ఎనిమిదింటికి వచ్చాడు. ఓపీ సోమవారం అనలేదు. మా దగ్గర మంచం లేదనలేదు. పై మంత్రగాడి దగ్గరికి పొమ్మని చీటీ రాయలేదు. వైద్యం లేని చోట తలుపు తెరిచి ఉన్న ఇల్లు అదొక్కటే అయితే జనం అక్కడికి పోవడంలో విడ్డూరమేముంది?

పదింటికి అంబులెన్సు వచ్చింది. పిల్లవాడు వాకిట్లో రాయి ఎత్తాడు. పోలీసులుంటేనే ఎక్కించుకుంటామని చెప్పి బండి వెనక్కి తిరిగింది. స్టేషనుకు పోతే, కంప్లైంటు రాసిస్తారా అని అడిగారు. కన్నకొడుకు మీద! తండ్రి బయటికొచ్చి అరుగు మీద కాసేపు కూలబడ్డాడు. తర్వాత మేనమామ పోయి తుఫాను బండి మాట్లాడుకొచ్చాడు. తువ్వాలు కట్టింది అప్పుడే.

జిల్లా పెద్దాసుపత్రి చేరేసరికి రాత్రి ఒంటిగంట. హైవే మీద ఏదో యాక్సిడెంటు, క్యాజువాల్టీ అంతా రక్తం. ఆ లైట్లూ కేకలూ చూసి పిల్లవాడికి ఎక్కువైంది. అక్కడున్న హౌస్‌సర్జన్ అమ్మాయి గురించి తల్లి ఇప్పటికీ చెప్పుకుంటుంది. "పాప వచ్చి వాని పక్కన కూసునె. నీకు ఏ హీరో ఇష్టమబ్బా అని అడిగె. వాడు చెప్పె. ఆ మాట్ల సందులోనే బీపీ చూసె, ఒళ్లు పట్టి జొరం చూసె, తలకాయ తడిమి దెబ్బలున్నాయేమో చూసె." మూడు రాత్రుల్లో పిల్లవాడి ఒంట్లో జ్వరముందో లేదో చూసింది ఆ అమ్మాయొక్కతే. మిగిలినవాళ్లంతా అడిగింది ఒకటే: గంజాయి తాగుతాడా? ఏడుసార్లు అడిగారని తండ్రి లెక్క పెట్టుకున్నాడు.

ఆ అమ్మాయి పెద్ద డాక్టరుకు ఫోను చేసి ఒక సూది వేసింది. రెండున్నరకు పిల్లవాడు నిద్రపోయాడు. ఐదు రోజుల్లో అదే మొదటి నిద్ర. గోడకు ఆనుకొని తల్లి ఏడ్చింది.

పొద్దున రౌండ్సులో ఇంకో డాక్టరు వచ్చాడు. ఈ రోజు ఆదివారం, మానసిక డాక్టరు రారు అన్నాడు. పైగా అబ్బాయి మైనరు, పిల్లలకు మాకు వేరు వార్డు లేదు, పెద్దవాళ్లతో కలిపి పెట్టడానికి చట్టం ఒప్పుకోదు అన్నాడు. చీటీ రాశాడు.

చట్టం నిజంగానే ఒప్పుకోదు. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 87వ సెక్షన్ పూర్తిగా మైనర్ల గురించే. తప్పనిసరి అయితేనే చేర్చుకోవాలి. ఇద్దరు సైకియాట్రిస్టులు, లేదా ఒక సైకియాట్రిస్టుతో పాటు ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా చూసి, చేర్చక తప్పదని తేల్చాలి. పెద్దలతో కాకుండా వేరుగా ఉంచాలి. చేర్చిన నాటి నుంచి పంపే నాటి వరకు తల్లో తండ్రో, వాళ్లు పెట్టిన మనిషో పక్కనే ఉండాలి. ఇలాంటి చేరికలను చూసే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు 72 గంటల్లోపు తెలియజేయాలి. నెల దాటితే బోర్డు తప్పనిసరిగా సమీక్షించాలి.

ఇందులో ఒక్క మాట కూడా అక్కరలేనిది కాదు. పాతరోజుల్లో పెద్దవాళ్ల వార్డుల్లో పడేసిన పిల్లలు ఏమేం పడ్డారో తెలిసినవాళ్లు రాసిన సెక్షన్ అది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో పోయారు. ఆ మంటే ఈ దేశాన్ని కొంత కదిపింది. కొత్త చట్టం గొలుసుల్ని ఏ రూపంలోనూ వాడరాదంది. పిల్లలకు కరెంటు షాకు వైద్యం, పెద్దల సమ్మతీ బోర్డు అనుమతీ లేకుండా కూడదంది.

అయితే ఆ రోజు వార్డులో జరిగిందేమిటి? వేరు వార్డులో పెట్టాలి అన్న మాట, వేరు వార్డు లేదు కాబట్టి పెట్టం అన్న మాటగా మారింది. రక్షణ కోసం కట్టిన గోడే పిల్లవాడు లోపలికి రాకుండా అడ్డం నిలిచింది. పిల్లవాణ్ణి ఉంచుకున్న డాక్టరు బోర్డుకు రాయాలి, సంతకాలు తేవాలి, పక్క మంచం రోగి కొట్టినా తిట్టినా జవాబు చెప్పుకోవాలి. పంపేసిన డాక్టరుకు చీటీ ఒక్కటి రాస్తే సరి. పంపిన తర్వాత ఆ పిల్లవాడు ఎక్కడ తేలాడని అడిగే రిజిస్టరు ఏ ఆసుపత్రిలోనూ నాకు కనపడలేదు.

అదే చట్టంలో ఇంకొన్ని పేజీలు తిప్పితే 94వ సెక్షన్ ఉంది. ప్రాణానికి ముప్పో, తనకు గానీ ఇతరులకు గానీ పెద్ద హాని జరిగే స్థితో ఉంటే, రిజిస్టరైన ఏ డాక్టరైనా అత్యవసర వైద్యం చేయవచ్చు. సైకియాట్రిస్టే కానక్కరలేదు. ఇంటి దగ్గరైనా చేయవచ్చు. దగ్గరి మానసిక వైద్యశాలకు చేర్చడం కూడా ఆ వైద్యంలో భాగమే. గడువు 72 గంటలు. 21వ సెక్షన్ ఇంకా సూటిగా చెప్పింది: ఒంటి జబ్బులకు ఎలాంటి అంబులెన్సు, ఎలాంటి ఎమర్జెన్సీ వైద్యం అందుతుందో, మానసిక జబ్బులకూ అలాంటివే అందాలి. సొంత జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే ఆ జిల్లాలో ఇంకో చోట చేయించుకున్న వైద్యం ఖర్చు సర్కారే భరించాలని 18వ సెక్షన్ అంటుంది. క్యాజువాల్టీ గోడల మీద పాముకాటు పట్టిక చూశాను, కుక్కకాటు సూదుల పట్టిక చూశాను. 94వ సెక్షన్ రాసిన అట్టముక్క ఎక్కడా చూడలేదు.

72 గంటలంటే మూడు రాత్రులు. ఈ కుటుంబం తిరిగింది కూడా సరిగ్గా మూడు రాత్రులే. చట్టం ఎవరి కోసం ఆ గడువు పెట్టిందో వాళ్లు ఆ గడువంతా తుఫాను బండిలో గడిపారు.

రెండో రాత్రి ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్. అడ్వాన్సు ఇరవై వేలు. సూది మత్తు దిగగానే పిల్లవాడు సెలైను పీకేశాడు, కిటికీ అద్దం పగలగొట్టాడు. రాత్రి పదింటికి రెండో చీటీతో పాటు బిల్లు చేతికిచ్చారు, అద్దం ఖరీదు కూడా కలిపి. మిగతా రాత్రి పెట్రోలు బంకు పక్కన బండిలో. పిల్లవాడి కాళ్ల మీద మేనమామ, చేతుల దగ్గర తండ్రి, తల దగ్గర తల్లి. బంకులో పనిచేసే కుర్రాడు రెండుసార్లు టీ తెచ్చాడు, డబ్బులు తీసుకోలేదు.

సోమవారం మళ్లీ పెద్దాసుపత్రి, ఈసారి ఓపీ. వరసలో మూడు గంటలు నిలబడితే మానసిక డాక్టరు చూశాడు. బాగానే చూశాడు. మాత్రలు రాశాడు. వీణ్ణి ఇంట్లో పెట్టుకోలేరు, చేర్చాల్సిందే, బెంగుళూరు పొండి అన్నాడు. మూడో చీటీ.

సీమ జనానికి మనసు జబ్బంటే బెంగుళూరే ఎందుకు గుర్తొస్తుంది అనేదానికి ఒక చరిత్ర ఉంది. తెలుగువాళ్ల పాత మానసిక వైద్యశాలలు రెండే. విశాఖ వాల్తేరులో 1871లో ఇంగ్లీషువాళ్లు పెట్టినది ఒకటి, 300 పడకలది. నిజాము కాలంలో జాల్నాలో ఉండి, 1953లో హైదరాబాదు ఎర్రగడ్డకు తరలివచ్చినది రెండోది, 600 పడకలది. ఎర్రగడ్డ అనే ఊరి పేరునే మనం తిట్టు చేసుకున్నాం. వాణ్ణి ఎర్రగడ్డకు పంపాలి అంటే సినిమా హాల్లో నవ్వులే నవ్వులు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఎర్రగడ్డ తెలంగాణకు పోయింది. ఆంధ్రలో మిగిలిన 13 జిల్లాలకూ విశాఖ ఒక్కటే. అనంతపురం నుంచి బెంగుళూరు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. విశాఖ అంతకు మూడు రెట్లు పైనే. ఆ తర్వాత కడపలో ప్రభుత్వం ఒక మానసిక వైద్యశాల కట్టింది గానీ, ఈ పిల్లవాడి నాటికి అది తెరుచుకోలేదు. ఇక బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది. పిల్లల మానసిక వైద్యానికి అక్కడ ప్రత్యేక విభాగముంది, పిల్లలను పెద్దలతో కలపకుండా ఉంచే వార్డుంది. మా వైపు దాన్ని నిమాన్సు అంటారు. కన్నడం రాకపోయినా ఫరవాలేదు, వరసలో నిలబడితే ముందూ వెనకా తెలుగు వినపడుతుంది.

ఇలా రాస్తుంటే పెద్ద పెద్ద కట్టడాలు కావాలంటున్నానని అనుకోవచ్చు. కాదు. అలాంటి రాత్రికి కావలసిన సరంజామా వింటే ఆశ్చర్యపోతారు. లైట్లు తగ్గించిన ఒక గది. పదిమంది పదిరకాలుగా అరవకుండా, మెల్లగా మాట్లాడే ఒకే మనిషి. జ్వరముందా, తలకు దెబ్బ తగిలిందా, చక్కెర పడిపోయిందా, ఏదైనా మత్తు తీసుకున్నాడా అన్న పరీక్షలు. ఎందుకంటే మెదడు జ్వరం కూడా ఒక్కోసారి పిచ్చి వేషంలోనే వస్తుంది. మెదడుకు సోకే కొన్ని వాపు జబ్బులు, ముఖ్యంగా వయసు ఆడపిల్లల్లో, మొదట దయ్యం పట్టినట్టే కనిపిస్తాయి. అందుకే పిల్లల్ని మొదట చూడాల్సింది ఊరి చివరి పిచ్చాసుపత్రి కాదు, అన్ని జబ్బులూ చూసే మామూలు ఆసుపత్రే.

ఆ తర్వాత సూది. ఉద్రేకంలో ఉన్న రోగికి ఏ సూది మేలని ప్రపంచమంతా చెప్పుకునే పరిశోధనల్లో ఒకటి మన పక్కనే వేలూరులో జరిగింది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ డాక్టర్లు 200 మంది రోగులకు లోరాజెపామ్ సూదినీ, హాలోపెరిడాల్‌తో ప్రొమెథజైన్ కలిపిన సూదినీ ఇచ్చి పోల్చి చూసి, 2004లో ప్రకటించారు. రెండూ పనిచేశాయి, రెండోది ఇంకాస్త తొందరగా నిద్రపుచ్చింది. ఇవేమీ కొత్త మందులు కావు, ఖరీదైనవీ కావు. వేలూరు మనకు పొరుగూరులాంటిది. అక్కడ తేలిన సంగతి మన క్యాజువాల్టీ గడప ఇంకా పూర్తిగా దాటలేదు.

ఎందుకు దాటదంటే డాక్టరు బడిలోనే ఉంది చిక్కు. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి విడిగా పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్ పేపర్లో ఒక మూల అది. పరీక్ష లేని పాఠాన్ని మన పిల్లలెవరైనా చదువుతారా? ఇక సైకియాట్రిస్టుల సంగతి. దేశంలో లక్ష మందికి ఒక్కరు కూడా లేరు. కొన్నేళ్ల కిందట వేసిన లెక్కలో 0.75 అని తేలింది. అందులోనూ ఊళ్లవైపు వచ్చేవాళ్లెందరు, పిల్లల వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్లెందరు?

జబ్బులేమో పిల్లల వయసులోనే మొదలవుతాయి. ప్రపంచవ్యాప్తంగా ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు మానసిక జబ్బుల్లో మూడో వంతు 14 ఏళ్లలోపు, దాదాపు సగం 18 ఏళ్లలోపు తల ఎత్తుతాయని తేల్చారు. 2015-16లో నిమ్హాన్స్ వాళ్లు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని కనపడింది. పెద్ద నగరాల్లో అది 13.5 శాతం. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పంట నష్టమైతే మండలాల వారీగా లెక్కకడతాం. మన పిల్లల మనసుల లెక్క పక్క రాష్ట్రాల లెక్క చూసి ఊహించుకోవాల్సిందే.

ఇంకో రకం రాత్రి ఉంది. దాని గురించి కొంచెమే రాస్తాను, రాసే తీరులో జాగ్రత్త కావాలి గనుక. ప్రాణం తీసుకోబోయిన పిల్లల్ని తెచ్చినప్పుడు మన ఆసుపత్రులు చాలావరకు బాగా పనిచేస్తాయి. ప్రాణం నిలబెడతాయి. నిలబడిన మర్నాడే అసలు నిశ్శబ్దం మొదలవుతుంది. పోలీసు వచ్చి వాంగ్మూలం రాసుకుంటాడు. చుట్టాలు వచ్చి ఆపిల్ పండ్లు పెట్టి, ఎందుకు చేశావని తిట్టిపోతారు. మూడో రోజు డిశ్చార్జి. చీటీలో కాలేయం గురించి ఉంటుంది, మూత్రపిండాల గురించి ఉంటుంది. మనసు గురించి ఒక ముక్క ఉండదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత రావడంతో పోయింది. అంతకు ముందే 2017 చట్టం, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్షించకుండా వైద్యం, పునరావాసం ఇవ్వాలని సర్కారుకు చెప్పింది. కేసు భయం మాత్రం ఇంకా ఊళ్లలో అలాగే ఉంది. భయపడి, కడుపునొప్పి అని చెప్పి చేర్పించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజులు మరిచిపోలేం. మార్కుల లెక్కల్లో తప్పుల గోల మధ్య 20 మందికి పైగా పిల్లలు పోయారు. 2022లో దేశం మొత్తంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. విశాఖలో నీట్ కోచింగుకు వచ్చిన ఒక బెంగాలీ అమ్మాయి 2023లో చనిపోతే, తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలరు ఉండాలి. అవసరమైతే వెంటనే ఆసుపత్రికి పంపే పద్ధతి రాసిపెట్టుకోవాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టాలి. మంచి తీర్పు. కానీ ఆ దారి చివర ఏముందో ఒకసారి నడిచి చూడండి. కౌన్సెలరు వార్డెనుకు చెబుతుంది, వార్డెను తండ్రికి చెబుతాడు, తండ్రి ఆసుపత్రికి తెస్తాడు. ఆసుపత్రి చీటీ రాస్తుంది.

ఫోను మాట మాత్రం నిజంగా పనికొచ్చేది. టెలి మానస్ అని కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన నంబరు 14416. రాత్రయినా పగలైనా ఉచితంగా మాట్లాడవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరికైనా మనసు చీకటైనప్పుడు, ఇంట్లో పిల్లల తీరు చూసి భయం వేసినప్పుడు చేయదగిన ఫోను అది. ఈ తల్లికి ఆ మూడు రాత్రుల్లో ఎవరూ చెప్పలేదు.

మూడో రాత్రి బెంగుళూరు దారిలో గడిచింది. డాక్టరు రాసిన మాత్రలు పనిచేసి పిల్లవాడు తల్లి ఒడిలో పడుకున్నాడు. సరిహద్దు దాటాక తండ్రి తువ్వాలు విప్పాడు. మణికట్ల దగ్గర ఎర్రగా గీతలు. "అవి చూసి ఆయప్ప తలకాయ కిటికీ బయటికి పెట్టి ఏడ్సె. మాకు కనపడకూడదని" అంది ఆమె. తండ్రి అక్కడే గడప దగ్గర కూర్చొని కొడవలి పిడి బిగిస్తున్నాడు. తల ఎత్తలేదు.

బెంగుళూరులో 22 రోజులు ఉన్నారు. తల్లి పిల్లవాడి పక్కన, తండ్రి బయట. రెండు ఎనుములు అమ్మారు. చట్టం తల్లో తండ్రో, వాళ్లు పెట్టిన మనిషో పక్కన ఉండాలంటుంది, ఆ 22 రోజుల కూలి ఎవరిస్తారో దాంట్లో లేదు. జబ్బు పేరు బైపోలార్ అని తేలింది. పేరు తెలిశాక తల్లి ముందు చేసిన పని తాయెత్తు తీసి కవరులో పెట్టడం. పారేయలేదు. "యాలని పారేసేది? ఆ రాత్రి అదొక్కటే మాకు దొరికినది" అంది.

పిల్లవాడు లిథియం మాత్రలు వేసుకుంటున్నాడు. పాత మందే, మంచి మందే, కానీ నిఘా కావాలి. రక్తంలో అది ఎంత ఉందో చూస్తుండాలి. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే విషం. మూత్రపిండాలూ థైరాయిడూ కూడా అప్పుడప్పుడు చూడాలి. వాళ్ల మండలంలో ఆ పరీక్ష లేదు. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగితే మందు రక్తంలో చిక్కబడుతుందని డాక్టరమ్మ చెప్పిందట. అందుకని చేను దగ్గరికి పోయినా తల్లి వాడికి రెండు లీటర్ల సీసా కట్టిస్తుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అని ఒకటి ఉంది. మాత్రలు ఊరి దగ్గరే దొరకాలన్నది దాని ఉద్దేశం. 1996లో దేశంలో మొదట నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు వాటిలో మన మెదక్ ఒకటి. దాదాపు ముప్ఫై ఏళ్లు. ఈ ఇంటికి మాత్రలు ఇప్పటికీ బెంగుళూరు బస్సులోనే వస్తాయి. ఒకసారి వానలకు బస్సు తప్పిపోయి పదిరోజులు మాత్రలు ఆగాయి. పదకొండో రాత్రి పిల్లవాడు మళ్లీ పండుకోలేదు. ఈసారి తువ్వాలు తీయాల్సిన పని పడలేదు, తల్లి ముందే పసిగట్టి బస్సెక్కించింది.

వాడు పదో తరగతి మరుసటేడు రాసి పాసయ్యాడు. ఇప్పుడు మేనమామ డ్రిప్పు పైపుల కొట్లో లెక్కలు చూస్తూ ఇంటరు ప్రైవేటుగా కడుతున్నాడు. నేను ఉండగానే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మీసం మొలకలతో. నా ముందున్న కవరు చూశాడు, వాళ్లమ్మ వైపు చూశాడు. "మల్ల తీసినావా" అన్నాడు, కోపంగా కాదు. లోపలికి పోయి నీళ్లు తాగి కొట్టుకు పోయాడు. వచ్చే సంక్రాంతి దాటితే 18 నిండుతాయి. పిల్లల డాక్టరు దగ్గరి ఫైలు పెద్దల వైపు పోతుంది. కొత్త డాక్టరు, కొత్త వరస. ఆ మూడు రాత్రుల కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. చీటీలన్నీ తల్లి తేదీల వరసన పెట్టింది అందుకే.

సాయంత్రం నేను లేవబోతుంటే వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. ఎవరో మొగుడూ పెళ్లాలు, వేరే ఊరివాళ్లు. ఆడమనిషి చెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఉంది. వాళ్ల పాపకు ఇంటర్ మొదటి సంవత్సరమట, వారంగా నిద్ర లేదట, ఎవరో ఈ ఇల్లు చెప్పారట. ఈమె వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టింది. నాకు బీమా కాయితాలు చూపించాల్సిన సంగతి మరిచిపోయింది.

"జొరముందేమో చూసినారా? ముందు అది చూపీండి. ఆధారు కార్డు రెండు జెరాక్సులు పెట్టుకోండి, పాపదీ, మీదీ. రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. పాపకు కిటికీ పక్కన సీటు వద్దు, మద్దెలో కూసోబెట్టండి. చేతులు కట్టొద్దండి వదినా. నా మాటిని కట్టొద్దండి. నువ్వు పట్టుకొని కూసో."